నలభై ఆరు శాతం

చిటపటకి కోపం ఎక్కువని అందరూ అంటారు. అనేవాళ్లలో ఒక్కరంటే ఒక్కరైనా, ఆ కోపం ఎందుకొచ్చిందమ్మా అని అడిగిన పాపాన పోలేదు. బడి రిజిస్టరులో ఆమెకి శుభ్రమైన పేరు ఒకటి ఉంది. కానీ రెండేళ్ల వయసులో, పాలు వేడిగా ఉన్నాయని గ్లాసు విసిరికొడితే వాళ్ల బాబాయి చూసి, "అబ్బో, ఏం చిటపటలే తల్లీ నీవి!" అన్నాడు. అంతే, ఆ పేరు జిగురులా అతుక్కుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లొచ్చాయి, అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ప్లానింగ్ సెక్షన్ మొత్తం ఆమె చేతి కింద నడుస్తోంది, అయినా వెనక అదే పేరు. ముందు మాత్రం మేడం.

ఆమె పని చెప్పడానికి తేలిక, చేసేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. ఏ ఆర్డరు ఏ మెషీను మీద ఎప్పుడు ఎక్కాలో ఆమె చెప్పాలి. సబ్బుల కంపెనీ పెట్టెల మీద పసుపు అచ్చు, మందుల కంపెనీ పెట్టెల మీద నీలం, చెప్పుల కంపెనీ పెట్టెల మీద నలుపు. రంగు మారినప్పుడల్లా మెషీను ఆపాలి, రోలర్లు కడగాలి, పాత రంగు చుక్క కూడా మిగలకుండా తుడవాలి. ఒక్కో మార్పుకి నలభై నిమిషాలు గోవిందా. మెషీను దగ్గరవాళ్లని "అయిందా?" అని అడిగితే "అయినట్టే మేడం" అంటారు. ఆ మాట వినబడిన మరుక్షణం చిటపట కుర్చీలోంచి లేచి వెళ్లి, దొంతరల మీద చెయ్యి వేసి స్వయంగా లెక్కపెడుతుంది. అయినట్టే అంటే కాలేదని అర్థం. ఆరేళ్ల ఉద్యోగంలో ఆమె నేర్చుకున్న మొదటి పాఠం అది.

ఇంకోటి కూడా ఆమె కనిపెట్టింది. ఎవరి ఆర్డరు ముందొస్తే వాళ్లది ఎక్కించకుండా, పొద్దున లేత రంగులు, మధ్యాహ్నానికి ఎరుపు, ఆ తర్వాత నీలం, చిట్టచివర నలుపు నడిపితే, కడగడాలు సగానికి సగం తగ్గిపోతాయి. మూడు నెలలు మెషీన్ల పక్కన నిలబడి, గడియారం చూసి రాసుకుని, ఓనరుకి కాగితం ఇచ్చింది. "చూద్దాంలే" అన్నాడు. రెండోసారి ఇంకా వివరంగా రాసి ఇచ్చింది. వారం తర్వాత వెళ్లి చూస్తే ఆ కాగితం ఆయన టీ కప్పు కింద ఉంది, గుండ్రటి మరకతో సహా.

తర్వాత ఓనరే సలహాల కోసం డబ్బిచ్చి పిలిపించిన కన్సల్టింగ్ కంపెనీ నుంచి ముగ్గురు వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, సన్నటి లాప్‌టాప్‌లు. పదకొండు వారాలు ఫ్యాక్టరీ అంతా తిరిగారు. చిటపట దగ్గర కూర్చుని ఆమె కాగితాలన్నీ చూశారు, ఫోటోలు తీసుకున్నారు, "భలే చెప్పారండీ" అన్నారు. ఆఖరి రోజు మీటింగ్‌కి ఆమెని పిలిచారు. ఎందుకు? ప్రొజెక్టరు వైరు వదులుగా ఉంది, పట్టుకుని నిలబడటానికి. ఆమె వైరు పట్టుకుని నిలబడి ఉండగా, తెర మీద ఆమె రంగుల వరుసే వచ్చింది. అవే అంకెలు, అవే నలభై నిమిషాలు. ఓనరు చప్పట్లు కొట్టాడు. "ఇన్నేళ్లుగా మనవాళ్లలో ఒక్కడి బుర్రకైనా తట్టిందా ఇది?" అన్నాడు. నాకు చెప్పండి, ఎవరికి కాలదు? చిటపటకి అరికాలి మంట నెత్తికెక్కింది. వైరు వదిలేసింది. తెర నల్లబడింది. ఆమె బయటికి నడిచింది.

వరండాలో ఆమె వెనకే ఆ ముగ్గురిలో ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "అండీ, ఆగండి. మీ పేరు వెయ్యమని నేనడిగాను. మా పెద్దాయన తీసేయమన్నాడు."

"చాలా సంతోషం. ఆ మాట లోపల చెప్పాల్సింది."

ఆ అమ్మాయి తల దించుకుంది. తర్వాత గబగబా ఒక మాట చెప్పింది. "మీరిక్కడ ఎన్నాళ్లున్నా మీ మాట ఎవరూ వినరు. ఇదే మాట మా వైపు నుంచి చెబితే కళ్లకద్దుకుంటారు. మా వైపు రావాలంటే బిజినెస్ స్కూలు ఒక్కటే దారి. కానీ మేం అన్ని స్కూళ్లకీ వెళ్లం. మాలాంటి కంపెనీలు నిజంగా వచ్చి ఇంటర్వ్యూలు చేసే చోట చేరండి. మిగతా చోట్ల రెండేళ్లూ దండగ. అది మాత్రం చూసుకోండి."

అదుగో, ఆ వరండాలో పుట్టింది పంతం. బల్లకి అవతలి వైపు కూర్చోవాలి. వైరు పట్టుకునేవాళ్ల పేరు తెర మీద తన చేత్తో వెయ్యాలి. ఏడాది పాటు డ్యూటీ నుంచి వచ్చి చదివింది, సెలవు రోజుల్లో చదివింది, పరీక్ష రాసింది, ఇంటర్వ్యూలకి వెళ్లింది. రెండు చోట్ల సీటొచ్చింది. రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి, అది శనివారం సాయంత్రం ఐదింటిలోపు తేల్చాలి. తప్పు తలుపు తడితే ఉద్యోగమూ పోయి, వయసూ పోయి, మళ్లీ ఎవరి ఫ్యాక్టరీలోనో వైరు పట్టుకోవాలి.

ఇంట్లోవాళ్లకి ఈ గొడవ ఒక పట్టాన అర్థం కాలేదు. తప్పు వాళ్లదీ కాదు, మాటది. మన మాటల్లో కన్సల్టెన్సీ అంటే ఏమిటి? పాత స్కూటర్లు అమ్మే షెడ్డు మీద ఉండేది ఆ బోర్డే. పనిమనుషుల్ని కుదిర్చేవాడిదీ అదే బోర్డు. విదేశాలకి పంపిస్తామని ఫీజు గుంజేవాడిదీ అదే. చిటపట బాబాయిది సరిగ్గా మొదటి రకం. 'ఆటో కన్సల్టెన్సీ, పాత బళ్లు కొనబడును, అమ్మబడును' అని ఎర్రక్షరాలు, పక్కన రెక్కలున్న చక్రం బొమ్మ. ఇరవై ఏళ్లుగా అదే షెడ్డు.

"కన్సల్టెన్సీ చెయ్యడానికి ఎంబీఏ ఎందుకే? రేపట్నుంచి నా షాపుకి రా, నేర్పిస్తాను" అన్నాడు బాబాయి మొదటిసారి విన్నప్పుడు, కడుపు పట్టుకుని నవ్వుతూ.

"బాబాయ్, అది కన్సల్టెన్సీ కాదు, కన్సల్టింగ్."

"తోక ఒక్కటే కదమ్మా తేడా!"

చిటపట ఆ రోజు అన్నం తినకుండా లేచిపోయింది. కళ్లద్దాల షాపులో అద్దాలు బిగించే వాళ్లమ్మ మాత్రం, "దాని మానాన దాన్ని వదిలెయ్యండి, మీకేం తెలుసని?" అని ఇద్దరు మగాళ్లనీ కసిరింది. ఆసుపత్రిలో లిఫ్టులు బాగుచేసే నాన్న, చేతులు తుడుచుకుంటూ రెండు కాలేజీల పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాడు.

మొదటి కాలేజీ పుస్తకం పెళ్లిపత్రికలా మెరుస్తుంది. అద్దాల భవనం, పచ్చగడ్డి, పళ్లన్నీ కనబడేలా నవ్వే పిల్లలు. మధ్య పేజీలో అరచేతంత అక్షరాలతో 'కన్సల్టింగ్ రంగంలో 46 శాతం'. దాంతోపాటు ఆమెకి ఒక ఉత్తరం వచ్చింది. మీ ప్రతిభకి గుర్తింపుగా ఫీజులో సగం తగ్గిస్తున్నాం అని. నిజం చెప్పాలంటే ఆ ఉత్తరాన్ని చిటపట పది సార్లు చదివింది. ప్రతిభ అనే మాట ఆమె గురించి ఒకరు కాగితం మీద రాయడం అదే మొదటిసారి. దిండు కింద పెట్టుకుని పడుకుంది కూడా, ఎవరికీ చెప్పలేదు.

రెండో కాలేజీ పుస్తకం నలుపు తెలుపుల్లో, పరీక్ష పేపరులా పలచగా ఉంది. బొమ్మల్లేవు. ఫీజులో పైసా తగ్గింపు లేదు. ఆఖరి పేజీలో ఒక పట్టిక, అందులో ఒక వరుస: 'కన్సల్టింగ్. ప్రయత్నించినవారు ఇరవై ఇద్దరు. ఉద్యోగం వచ్చినవారు ఏడుగురు.'

నాన్న కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "పదిహేను మందికి రాలేదని వీళ్లే అచ్చు వేసుకున్నారా? ఇంత అమాయకులేంటమ్మా! అక్కడ చూడు, నలభై ఆరు శాతమట. పైగా సగం ఫీజు. ఇంకా ఆలోచనేముంది?"

"నలభై ఆరు శాతం అంటే ఎంతమంది? ఏ కంపెనీలు? ఏం పని? అదెక్కడా రాయలేదు నాన్నా."

"అబ్బా, నీ అనుమానాలూ నువ్వూ. అంత పెద్ద భవనం కట్టినవాళ్లు అబద్ధం చెప్తారా?"

మొదటి కాలేజీ అడ్మిషన్ల మేడం రోజుకి రెండు సార్లు ఫోన్ చేసేది. ఆవిడ గొంతులో చక్కెర డబ్బా బోర్లా పడినట్టుంటుంది. "డియర్, నిర్ణయం తీసుకున్నారా?" అని మొదలెడుతుంది. కంపెనీల జాబితా పంపండి అని చిటపట అడిగింది. అది గోప్యం డియర్, అంది. పోనీ కిందటేడు ఎన్ని కన్సల్టింగ్ కంపెనీలు కాలేజీకొచ్చి ఇంటర్వ్యూలు చేశాయో చెప్పండి అంది. మా భాగస్వాములు చాలామంది డియర్, అంది. చిటపటకి ఒళ్లు మండి, "మీ దగ్గర చదివి కన్సల్టింగ్‌లో చేరినవాళ్లు ఒక్కరుంటే మాట్లాడించండి, చాలు" అంది. దానికి మాత్రం ఆవిడ ఎగిరి గంతేసినట్టు ఒప్పుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మగ గొంతు, మెత్తగా, ఏమాత్రం తడబాటు లేకుండా ఉంది. మాట్లాడుతున్నంతసేపూ వెనక హారన్లు మోగుతున్నాయి.

"కాస్త గోలగా ఉంది, ఏమనుకోకండి. క్లయింటు దగ్గరున్నాను" అన్నాడు.

"మీరు ఏ రకం ప్రాజెక్టులు చేస్తారండీ?"

"ఎక్కువగా రవాణా రంగం. వాడిన ఆస్తులకి విలువ కట్టడం, కొనేవాళ్లకి సలహా ఇవ్వడం."

"మీ టీం పెద్దదా?"

"చిన్నదేనండీ. అదే మంచిదైంది. సంస్థ అధిపతితో నేరుగా పనిచేస్తాను. క్లయింట్లతో మొదటి రోజు నుంచే నేనే మాట్లాడుతున్నాను."

మొదటి రోజు నుంచే క్లయింట్లతో!  చిటపటకి ఇంకేం అడగాలో తోచలేదు. ఆఖర్న అతనే అన్నాడు. "తొందరేం లేదండీ. బాగా ఆలోచించుకోండి. కానీ ఆలస్యం మాత్రం చెయ్యకండి."

ఆ గొంతుతో ఆమె సగం అనుమానాలు చల్లబడ్డాయి. దిండు కింద ఉత్తరం మిగతా సగం చూసుకుంది. శనివారం పొద్దున మొదటి కాలేజీ ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టేసింది. దాన్ని స్కాన్ చేసి ఐదింటిలోపు పంపాలి. ఇంట్లో స్కానర్ లేదు, ఫ్యాక్టరీలో పంపితే మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలుస్తుంది. బాబాయి షాపులో ఉంది కదా అని ఒంటిపూట డ్యూటీ దిగి అటు వెళ్లింది. చదువు గొడవలో పడి ఆ షాపు గడప తొక్కి ఏడాది దాటింది.

షెడ్డు లోపల పాత స్కూటర్లు నాలుగు వరసల్లో ఉన్నాయి, సీట్ల మీద సుద్దముక్కతో నెంబర్లు. తలుపు దగ్గర ముసలి దంపతులు ఒక నీలం స్కూటరు చుట్టూ తిరుగుతున్నారు. వాళ్లతో ఎవరో మాట్లాడుతున్నారు. బళ్ల వెనక వంగి ఉండటంతో మనిషి కనబడలేదు, గొంతు మాత్రం వినబడింది.

"తొందరేం లేదండీ. బాగా ఆలోచించుకోండి. కానీ ఆలస్యం మాత్రం చెయ్యకండి."

చిటపట గుమ్మంలోనే ఆగింది. అదే గొంతు. అదే మాట, అక్షరం పొల్లు పోకుండా. అతను లేచి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. మెడలో టై, చేతిలో నూనె మరకల గుడ్డ. బయట రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది.

ముసలి దంపతులు వెళ్లేదాకా ఆగింది. ఆగడం ఆమె జీవితంలో అదే మొదటిసారి కాబోలు. తర్వాత ఎదురుగా వెళ్లి నిలబడింది.

"క్లయింటు దగ్గరున్నారా?"

అతను ఆ గొంతు పోల్చుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వాడిన ఆస్తులకి విలువ కట్టడమంటే ఇదేనా? ఈ స్కూటర్లేనా? చెప్పండి! సంస్థ అధిపతి అంటే మా బాబాయా?"

"మేడం, మెల్లగా..."

"ఎందుకు మెల్లగా? నిన్న మీరు మెల్లగానే మాట్లాడారుగా! ఆ మెల్లదనం నమ్మేగా నేనింత పని చేసింది!" అంటూ సంతకం పెట్టిన కాగితం అతని ముఖానికి తగిలేంత దగ్గరగా ఊపింది.

కేకలకి బాబాయి లోపలి గదిలోంచి వచ్చాడు. ముఖం చాటంత చేసుకుని, "చిటపటా, వచ్చావా! మా ఎంబీఏని కలిశావా? మీ కాలేజీవాడేనమ్మా! ఇంకో వింత చూపిస్తానుండు" అని గోడ మీదున్న ఫలకం తీసి తుడుచుకుంటూ తెచ్చాడు. నల్ల చెక్క, బంగారు అక్షరాలు. 'మా కన్సల్టింగ్ భాగస్వామికి కృతజ్ఞతలతో'. కింద మొదటి కాలేజీ ముద్ర.

చిటపట సంచిలోంచి ఆ మెరిసే పుస్తకం తీసింది. వెనక అట్ట మీద గోరంత గుర్తులు యాభై దాకా ఉన్నాయి, ఇన్నాళ్లూ అవేవో కంపెనీల ముద్రలనుకుని దాటేసింది. ఇప్పుడు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. నాలుగో వరసలో రెక్కలున్న చక్రం. బాబాయి బోర్డు మీదున్న చక్రం.

"ఇది ఎలా జరిగింది?" అంది. 

 టై ఆయన తలెత్తకుండా చెప్పాడు. అతనూ కన్సల్టింగ్ అనే చేరాడు, ఈ పుస్తకం చూసే చేరాడు. రెండేళ్లలో ఒక్క కన్సల్టింగ్ కంపెనీ కూడా కాలేజీ గేటు దాటి లోపలికి రాలేదు. చదువు అయిపోయాక ఆర్నెల్లు ఖాళీగా తిరిగి, భార్యకి ముఖం చూపించలేక ఇక్కడ చేరాడు. అప్పుడు కాలేజీవాళ్లు ఫోన్ చేసి, ఉద్యోగం వచ్చినట్టు ఏదో ఒక లెటర్‌హెడ్ మీద కాగితం పంపించు చాలన్నారు. బాబాయి లెటర్‌హెడ్ మీద కన్సల్టెన్సీ అనే మాట ఉంది. కన్సల్టింగ్‌లో రాసేసుకున్నారు.

"మా బ్యాచ్‌లో నీళ్ల ఫిల్టర్లు ఇల్లిల్లూ తిరిగి అమ్మేవాడున్నాడు మేడం, వాడి కార్డు మీద వాటర్ కన్సల్టెంట్ అని ఉంటుంది. జుట్టు మొలిపించే క్లినిక్‌లో ఫోన్లెత్తే అమ్మాయి హెయిర్ కన్సల్టెంట్. పిల్లల్ని ఫారిన్ కాలేజీలకి పంపే ఆఫీసులో తొమ్మిది మంది ఉన్నారు. అందరూ నలభై ఆరు శాతంలోనే ఉన్నారు."

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో 'అయినట్టే' అన్నవాడి మాట నమ్మని మనిషి! దొంతర మీద చెయ్యి వేస్తే గానీ ఒప్పుకోని మనిషి! తన బతుకు విషయంలో మాత్రం మెత్తని గొంతు ఒకటి వినేసరికి సంతకం పెట్టేసింది. చిటపటకి అందరికంటే ముందు తన మీదే ఒళ్లు మండింది. ఆ మంట చాలక బాబాయి వైపు తిరిగింది.

"నీకు తెలుసు. నీ షాపుని కన్సల్టింగ్ కంపెనీ అని రాసుకున్నారని తెలిసి కూడా నాతో ఒక్క ముక్క చెప్పలేదు!"

"నాకేం తెలుసు తల్లీ? బోర్డు మీద కన్సల్టెన్సీ అనేగా ఉంది? నన్ను సూటు వేసుకుని రమ్మన్నారు, వేదిక ఎక్కించారు, ఫలకం ఇచ్చారు. ఇరవై ఏళ్లలో నన్ను వేదిక ఎక్కించినవాళ్లెవరు చెప్పు? అందుకే నీ సీటు సంగతి తెలియగానే నేనే ఫోన్ చేశాను. మా అన్న కూతురండీ, కాస్త చూడండీ అన్నాను. వెంటనే సగం ఫీజు తగ్గించారు. మంచివాళ్లమ్మా."

 బాబాయికి తనేమన్నాడో ఇంకా తెలియలేదు.

ప్రతిభ! దిండు కింద పెట్టుకున్న ప్రతిభ! చిటపట ఒక స్కూటరు సీటు మీద కూలబడింది. ఓనరు తన కాగితాన్ని టీ కప్పు కింద పెట్టినప్పుడు కూడా ఆమెకి ఇంత అవమానం అనిపించలేదు. అక్కడ కనీసం ఆమె రాసిందే ఆ కాగితం మీద ఉంది. ఇక్కడ ఆమెది అనుకున్నదేదీ ఆమెది కాదు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. అడ్మిషన్ల మేడం.

"డియర్, నాలుగైపోయింది. మీ సంతకం ఇంకా రాలేదు. మా పూర్వ విద్యార్థితో మాట్లాడారుగా? సంతృప్తిగా ఉందా?"

చిటపట ఫోన్‌ని అందరికీ వినబడేలా పెట్టింది. "మాట్లాడాను. ఇప్పుడు కూడా నా ఎదురుగానే ఉన్నారు. చేతిలో నూనె గుడ్డతో."

అవతల చక్కెర కాస్త గడ్డకట్టింది. "అర్థం కాలేదు డియర్."

"అర్థం కావడానికేముంది? మీరు కన్సల్టింగ్ భాగస్వామి అని ఫలకం ఇచ్చిన కంపెనీలో కూర్చున్నాను నేను. పాత స్కూటర్ల షెడ్డు ఇది. మీ నలభై ఆరు శాతంలో ఒక శాతం ఇక్కడ టైర్లు తుడుస్తోంది."

"చూడండి, పత్రాల ప్రకారం అది కన్సల్టెన్సీయే. మేం రాసినదాంట్లో తప్పేమీ లేదు. మీకు ఇష్టం లేకపోతే ఆ సీటుకి ఇంకా ఇరవై మంది ఎదురుచూస్తున్నారు."

"ఎదురుచూసేవాళ్ల సంగతి తర్వాత. నా సీటు నాకొద్దు. మీ సగం ఫీజు మీ దగ్గరే పెట్టుకోండి. ఇంకొక్కసారి నన్ను డియర్ అంటే నేనే మీ ఆఫీసుకొస్తాను!" ఫోన్ పెట్టేసి, సంతకం కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చింపింది. బాబాయి ఫలకం ఛాతీకి హత్తుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని బల్ల కింద, పాత బ్రేకు వైర్ల మధ్య బోర్లా పెట్టాడు. ఆయన కళ్లలోకి చూడటానికి చిటపటకి ఆ పూట మనసొప్పలేదు.

టైము నాలుగుంపావు. సంచి అడుగునున్న రెండో కాలేజీ కాగితాలు తీసి, ఈసారి కూడా అందరికీ వినబడేలా నెంబరు కలిపింది. ఉద్యోగాల విభాగం చూసే మాస్టారు ఒకాయన ఎత్తాడు. శనివారమైనా ఆయనే ఎత్తాడు, మధ్యలో దగ్గాడు.

"మీ పట్టికలో పదిహేను మందికి రాలేదని ఉంది. వాళ్లిప్పుడు ఏం చేస్తున్నారండీ?" అంది, నమస్కారం కూడా చెప్పకుండా.

కాగితాలు తిప్పిన చప్పుడు. "ఆరుగురు పాత కంపెనీలకే వెళ్లిపోయారు. నలుగురు ఫ్యాక్టరీల్లో మేనేజర్లు. ముగ్గురు బ్యాంకుల్లో ఉన్నారు. ఒకతను సొంత షాపు పెట్టుకున్నాడు. ఒకమ్మాయి ఇంకా వెతుక్కుంటోంది, నిన్న కూడా నాతో మాట్లాడింది."

"ఇంటర్వ్యూలకి ఎన్ని కన్సల్టింగ్ కంపెనీలొస్తాయి?"

"మూడమ్మా. నాలుగోది వస్తానంటోంది, వచ్చాక గానీ లెక్కలోకి తీసుకోను. ముందే చెప్తున్నాను, కష్టం. ముగ్గురిలో ఒకళ్లకే వస్తుంది. మీకు రాకపోవచ్చు."

మీకు రాకపోవచ్చు! నెల రోజులుగా ఎదురుచూస్తున్న మాటేదో విన్నట్టు చిటపట ఊపిరి పీల్చుకుంది. ఇన్నాళ్లలో ఆమెతో ఎవరైనా నిజం మాట్లాడటం అదే మొదలు.

"నేను చేరుతున్నానండీ. పూర్తి ఫీజుతోనే. కాగితం పది నిమిషాల్లో పంపిస్తాను" అంది.

టై ఆయన ఆమె దగ్గరికి జరిగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. "మేడం, ఒక్క మాట అడగండి. నాలాంటివాడికి... మళ్లీ పరీక్ష రాస్తే, అక్కడ సీటిస్తారా?"

చిటపటకి అతని మీద జాలి చూపించే ఓపిక లేదు. అయినా అడిగింది. ఫోన్ అందరికీ వినబడుతూనే ఉంది.

"ఇప్పటికే ఎంబీఏ పట్టా ఉందా అతనికి?" అన్నాడు మాస్టారు.

"ఉందండీ."

"అయితే ఇవ్వలేమమ్మా. పట్టా ఒకసారి తీసుకున్నవాళ్లకి మళ్లీ ఇవ్వం. ఎక్కడ తీసుకున్నా సరే." ఆయన మళ్లీ దగ్గి, "అతనికి చెప్పండి, నాకు బాధగానే ఉందని" అన్నాడు.

చెప్పక్కర్లేదు, అతను విన్నాడు. చేతిలో గుడ్డని చిన్నగా మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"మరి ఆ ఫోన్లు ఎందుకు చేస్తున్నావయ్యా? వాళ్లేమిస్తున్నారు నీకు?" అన్నాడు బాబాయి. ఆయన గొంతులో మొదటిసారి నవ్వు లేదు.

"నలభై మందితో మాట్లాడితే వచ్చే ఏడాది ఇంటర్వ్యూల్లో మళ్లీ కూర్చోనిస్తామన్నారు సార్."

"ఏ ఇంటర్వ్యూల్లో? ఒక్క కంపెనీ కూడా గేటు దాటదన్నారుగా ఇందాకే!" అని అరిచింది చిటపట. "ఎంతమందితో మాట్లాడారు?"

"ముప్ఫై ఒక్కరితో."

"ఎంతమంది చేరారు?"

 అతను ఫోన్ తీసి పేర్ల జాబితా చూపించాడు. పంతొమ్మిది పేర్ల పక్కన టిక్కులున్నాయి. చిటపట ఆ పేర్ల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటీ పైకి చదివింది. కోపంతో కళ్లు మసకలయ్యాయి. ఆ పంతొమ్మిది మందికీ ఒక్కో ఫ్యాక్టరీయో, ఆఫీసో, వైరు పట్టుకుని నిలబడ్డ ఒక్కో మీటింగో ఉండి ఉంటాయి. వాళ్లకి పాత బళ్ల షాపున్న బాబాయి లేడు.

"చెయ్యండి ఫోన్లు. ఇప్పుడే, నా ముందు. మొదటి పేరు నుంచి మొదలుపెట్టండి" అంది.

"ఏమని చెప్పను మేడం?"

"నిన్న నాకు చెప్పినంత మెత్తగా, మీరేం పని చేస్తారో చెప్పండి. చాలు."

అతను బాబాయి వైపు చూశాడు. బాబాయి తలూపాడు. అతను మొదటి పేరు నొక్కి, ఫోన్ అరచేతిలో పెట్టుకున్నాడు. రెండుసార్లు మోగగానే అవతల కుర్ర గొంతు సంబరంగా పలికింది.

"సార్! మీరా! నేనే చేద్దామనుకుంటున్నా సార్. మీతో మాట్లాడాక ధైర్యం వచ్చింది. నిన్ననే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను. మా ఇంట్లో అందరికీ మీ గురించే చెప్తున్నా. హలో? సార్, వినబడుతోందా?"

టై ఆయన ఫోన్ మీద అరచెయ్యి కప్పి చిటపట వైపు చూశాడు.

"చెప్పండి" అంది చిటపట.

"బాబూ," అన్నాడతను, "నేను పాత స్కూటర్లు అమ్ముతాను."